కాల్ కట్ చేశాక ఎవరికి ఎవరు?

ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లు ప్రశ్నలు పంపండి అని పోయిన సంచికలో అడిగితే జీతాల గురించి, మూన్‌లైటింగ్ (ఒక ఉద్యోగం చేస్తూనే చాటుగా ఇంకో పని చేయడం) గురించి వస్తాయనుకున్నాం. అవి కొన్నే వచ్చాయి. ఎక్కువ ఉత్తరాల్లో ఉన్నది మనుషుల గొడవే, అంటే మనుషులు లేని గొడవ. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాం, పేర్లూ కంపెనీలూ తీసేశాం.

ప్రశ్న: ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. ల్యాప్‌టాప్, ఐడీ కార్డు కొరియర్‌లో వచ్చాయి. తెనాలిలో మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని పనిచేస్తాను. టీంలో ఒక్కరిని కూడా నేరుగా చూడలేదు. పొద్దున స్టాండప్‌లో, అంటే రోజూ జరిగే చిన్న టీం మీటింగులో, నా వంతు రాగానే నిన్న ఏం చేశానో, ఇవాళ ఏం చేస్తానో చెప్పి మళ్లీ మ్యూట్ చేసుకుంటాను. నేను రేపు మానేస్తే నా టికెట్లు (నాకు అప్పగించిన పనులు) ఎవరికి ఇవ్వాలా అని తప్ప ఇంకే ఆలోచనా ఎవరికీ రాదేమో. అందరూ మంచివాళ్లే. నాకే కలుపుగోలుతనం లేదా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు మీలో లోపం వెతుక్కోవడం ఆపండి. ఆఫీసులో చేరిన కొత్తవాళ్లు కూడా పనిగట్టుకుని ఎవరినీ పరిచయం చేసుకోరు. క్యాంటీన్ క్యూలోనో, క్యాబ్ కోసం నిలబడ్డప్పుడో, పక్క సీటాయన ఛార్జర్ అడిగినప్పుడో పరిచయాలు వాటంతటవే అయిపోతాయి. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో థామస్ అలెన్ అనే ప్రొఫెసర్ ఇంజినీర్లు ఒకరితో ఒకరు ఎంత మాట్లాడుకుంటారో ఏళ్ల తరబడి లెక్కగట్టి 1977లో పుస్తకం వేశాడు. సీట్ల మధ్య దూరం పెరిగేకొద్దీ మాటలు గబగబా తగ్గిపోతాయట, ఓ యాభై మీటర్లు దాటాక ఒకే బిల్డింగులో ఉన్నా లేనట్టేనట. మీకూ మీ టీంకూ మధ్య జిల్లాలకు జిల్లాలే ఉన్నాయి.

2020లో అందరూ ఇళ్లకు చేరినప్పుడు మైక్రోసాఫ్ట్ తన అమెరికా ఉద్యోగులు 61,182 మంది మెయిళ్లు, కాల్స్, మీటింగుల లెక్కలు తీసింది. అప్పటికే బాగా కలిసి పనిచేసేవాళ్లు ఇంకా దగ్గరయ్యారు కానీ, ఒక గ్రూపుకీ ఇంకో గ్రూపుకీ మధ్య ఉండే పలచటి పరిచయాలు తగ్గిపోయాయని 2021లో ఆ పరిశోధన అచ్చయింది. పాతవాళ్ల దగ్గర ఆఫీసు రోజుల్లో కూడబెట్టుకున్న స్నేహాలున్నాయి, వాళ్లు ఇంకా వాటి మీదే బతుకుతున్నారు. మీరు ఖాళీ చేతులతో మొదలుపెట్టారు. మీకెలా ఉందో వాళ్లకి తట్టకపోవడానికి అదే కారణమని నా అనుమానం, చెడ్డవాళ్లయి కాదు.

ఇక చేయాల్సింది. "ఎలా ఉన్నారండీ, వీకెండ్ ఎలా గడిచింది" అని మొదలుపెట్టకండి, అది మీకూ వాళ్లకూ కూడా ఇబ్బందే. సాయం అడగండి. అడిగేది కచ్చితంగా ఉండాలి. "కోడ్‌లో ఈ భాగం మొదట మీరే రాశారని హిస్టరీలో చూశాను, ఇక్కడ ఈ కండిషన్ ఎందుకు పెట్టారో ఓ పది నిమిషాలు కాల్‌లో చెబుతారా" అని అడిగితే కాదనేవాళ్లు అరుదు. తాను రాసినదాన్ని ఎవరో శ్రద్ధగా చదివారంటే ఎవరికైనా సంతోషమే కదా. పని మాట అయిపోయాక ఆ కాల్‌లోనే మీదే ఊరు, ఏ కాలేజీ అన్న మాట దానంతటదే వస్తుంది, మన తెలుగువాళ్లయితే రెండో నిమిషంలోనే వచ్చేస్తుంది. తర్వాత గ్రూపులో ఓ ముక్క రాయండి, "ఫలానావారు చెప్పబట్టి దొరికింది" అని. ఈసారి ఇంకొకరిని అడగండి. కొన్నాళ్లకి మిమ్మల్ని కూడా ఎవరో ఒకరు ఏదో అడుగుతారు, అసలు కావాల్సింది అదే.

ఇంకో చిన్న విషయం. చాలామంది కొత్తవాళ్లు చాట్‌లో "హాయ్ అండీ" అని పెట్టి జవాబు కోసం ఎదురుచూస్తారు. అటువైపు మనిషికి అది చూడగానే టెన్షన్, ఏం ముంచుకొచ్చిందోనని. పలకరింపూ విషయమూ ఒకే మెసేజ్‌లో రాసేయండి. కెమెరా సంగతంటారా, పదిమంది కాల్‌లో అక్కర్లేదు, ఇద్దరే ఉన్న కాల్‌లో మాత్రం మీది ముందు ఆన్ చేయండి. మేనేజర్‌తో విడిగా మాట్లాడే రోజున ఒక టికెట్ మీద ఎవరితోనైనా జంటగా కూర్చోబెట్టమని, ఏడాదిలో ఒక్కసారైనా ఆఫీసుకి పిలిపించమని నోరు తెరిచి అడగండి. అడగనిదే పెట్టరు.

ప్రశ్న: నేను టీం లీడ్‌ని. ప్రతి శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఫన్ ఫ్రైడే పెడుతున్నాను. తంబోలా, అంత్యాక్షరి, క్విజ్ అన్నీ అయ్యాయి. ముగ్గురు మాట్లాడతారు, మిగతావాళ్లు కెమెరా ఆపేసి కూర్చుంటారు. ఎంగేజ్‌మెంట్, అంటే టీంలో ఉత్సాహం పెంచమని హెచ్‌ఆర్ నుంచి ఒత్తిడి. ఇంకేం ఆటలు ఉన్నాయి? – ఓ టీం లీడ్, కొంపల్లి

జవాబు: ఇంకే ఆటలూ వద్దు, ఆపేయండి. నిజంగానే అంటున్నాను, వచ్చే శుక్రవారం ఆ గంట వాళ్లకే వదిలేసి తొందరగా లాగౌట్ అవమనండి, మిమ్మల్ని దీవిస్తారు.

స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బెయిలెన్సన్ అనే ఆయన వీడియో కాల్స్ ఎందుకు అంత అలసట తెప్పిస్తాయో 2021లో రాశాడు. అన్ని ముఖాలూ మరీ దగ్గరగా మన కళ్లలోకే చూస్తున్నట్టుండటం, మన ముఖం మనకే రోజంతా కనిపించడం, కుర్చీలోంచి కదలలేకపోవడం, తల ఊపడం లాంటి మామూలు సైగలు కూడా కావాలని చేయాల్సి రావడం, ఇవీ ఆయన చెప్పిన కారణాలు. వారమంతా ఇది పడ్డ మనిషికి శుక్రవారం సాయంత్రం అదే తెర మీద ఇంకో గంట ఇచ్చి నవ్వమంటున్నారు మీరు. పైగా ఐదింటికి స్కూల్ నుంచి వచ్చిన పిల్లలు పక్కన ఉంటారు, పాలవాడు బెల్ కొడతాడు, ముఖ్యంగా ఆడవాళ్లకి ఆ వేళ అసలు కుదరదు. వాళ్ల కెమెరా ఎందుకు ఆగి ఉందో మీరు ఎప్పుడైనా అడిగారా?

పదిమందిని ఒకేసారి కలపడానికి బదులు ఇద్దరిద్దరిని కలపండి. గిట్‌ల్యాబ్ అనే కంపెనీకి ఆఫీసే లేదు, ఉద్యోగులు చాలా దేశాల్లో ఉంటారు. ఊరికే కబుర్లు చెప్పుకోడానికి పని వేళల్లోనే కాఫీ కాల్స్ పెట్టుకోమని వాళ్ల హ్యాండ్‌బుక్‌లోనే రాసి పెట్టారు, అది ఎవరైనా నెట్‌లో చదువుకోవచ్చు. ఆఫీసు చాట్‌కి స్లాక్ వాడేవాళ్లకి డోనట్ అనే యాప్ ఉంది, ఎవరితో ఎవరు మాట్లాడాలో అదే జతలు వేస్తుంది. మీ టీంకి యాప్ కూడా ఎందుకు, చీటీలు వేస్తే చాలు. పావుగంట, అదీ పని వేళల్లో, కెమెరా వాళ్లిష్టం, డాబా మీద నడుస్తూ మాట్లాడుకున్నా సరే. ఒక్క షరతు మీకు: ఏం మాట్లాడుకున్నారని తర్వాత అడగకూడదు, హెచ్‌ఆర్‌కి స్క్రీన్‌షాట్ పంపకూడదు. అడిగారా, అదీ ఇంకో టాస్క్ అయిపోతుంది.

రెండోది, పనిలోనే కలపండి. మనుషుల్ని దగ్గర చేసేది తంబోలా టికెట్టు కాదు, ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే అసలు సిస్టమ్) పడిపోయిన రాత్రి ఇద్దరూ కలిసి తెల్లవారుజాము దాకా లాగ్స్ చూసుకోవడం. అలాంటి రాత్రులు కావాలని తెచ్చుకోలేం కానీ, కష్టమైన టికెట్టు ఒకరి నెత్తిన పడేయకుండా ఇద్దరికి ఇవ్వడం మీ చేతుల్లో పనే. ఒక సీనియర్, ఒక జూనియర్, స్క్రీన్ షేర్ చేసుకుని, తప్పులు బయటికే చెప్పుకుంటూ. ఇందులో సీనియర్లు కూడా "నాకిది తెలియదు" అనాల్సి వస్తుంది, జూనియర్లకి ధైర్యం వచ్చేది ఆ మాటతోనే.

మూడోది డబ్బు. మగ్గులు, టీషర్టులు, దీపావళి డ్రైఫ్రూట్ డబ్బాల కొరియర్ ఖర్చు అన్నీ కలిపి చూడండి, ఏడాదికి ఒకసారి అందర్నీ ఓ రెండు రోజులు ఒకచోటికి తీసుకురావడానికి ఎంత తక్కువ పడుతుందో తెలుస్తుంది. వర్డ్‌ప్రెస్.కామ్ నడిపే ఆటొమాటిక్ కంపెనీ ఎవరూ రావడం లేదని శాన్‌ఫ్రాన్సిస్కో ఆఫీసును 2017లో మూసేసింది. అదే కంపెనీ ప్రపంచం నలుమూలల నుంచి ఉద్యోగుల్ని ఒక వారం పాటు ఒకచోటికి రప్పించే ఆనవాయితీ మాత్రం పెట్టుకుంది. ఆఫీసు లేకపోయినా నడుస్తుంది, కలవకపోతే నడవదని వాళ్లకి అర్థమైంది. మీరు కలిసినప్పుడు మాత్రం దయచేసి రెండు రోజులూ పీపీటీలతో నింపకండి. భోజనాలు బాగుండాలి, సాయంత్రాలు ఖాళీగా వదలాలి, మిగతాది వాళ్లే చూసుకుంటారు.

ప్రశ్న: మా టీంలో అందరం తెలుగువాళ్లమే, ఒక్క గువాహటి అమ్మాయి తప్ప. ఆమె లైన్‌లో ఉన్నా మాకు తెలియకుండానే తెలుగులోకి వెళ్లిపోతాం. అడిగితే పర్లేదంటుంది. ఇది నిజంగా సమస్యేనా? – ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: సమస్యే. ఆ "పర్లేదు"ని నమ్మకండి, కొత్త ఇంట్లో అన్నం చాలంటే చాలన్నట్టే అది. ఆఫీసులో అయితే కనీసం మీ ముఖాలు చూసి ఎవరిమీద జోకో ఊహించుకునేది, ఫోన్‌లో అదీ లేదు, మీరంతా నవ్వుతుంటే తన గురించే అనుకోకుండా ఎలా ఉంటుంది? పని మాట ఏదైనా అందరికీ వచ్చిన భాషలోనే సాగాలి, ఆమె లైన్ కట్ అయిన ఆ ఐదు నిమిషాల్లో కూడా, ఎందుకంటే నిర్ణయాలన్నీ ఆ ఐదు నిమిషాల్లోనే అయిపోతాయి. తెలుగు జోకులకి వేరే గ్రూపు పెట్టుకోండి, దాన్లో ఆఫీసు పని రానివ్వకండి.

ఇంకొకటి చూసుకోండి. మనకి సంక్రాంతి వచ్చే రోజుల్లోనే అస్సాంలో మాఘ బిహు వస్తుంది. జనవరిలో మీరంతా ఊళ్లకు వెళ్లి ఆన్‌కాల్ (సెలవుల్లోనూ పిలిస్తే పలకాల్సిన డ్యూటీ) ఆమెకి తగిలించారేమో పాత రోస్టర్ తీసి చూడండి. తగిలించి ఉంటే ఈసారి ఒకరు ఆగిపోండి. వంద గుడ్‌మార్నింగ్‌ల కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

ప్రశ్న: మా టీంలో ఒకాయన నాన్నగారు పోయారు. ఆయనది రాజమండ్రి, నేను పుణెలో. రెండేళ్లుగా రోజూ మాట్లాడుకుంటాం కానీ ఎప్పుడూ చూసుకోలేదు. గ్రూపులో అందరూ సంతాపం మెసేజ్‌లు పెట్టారు, నేనూ పెట్టాను. ఫోన్ చేయాలా? చేస్తే ఏం మాట్లాడాలి? – ఓ పాఠకుడు, పుణె

జవాబు: చేయండి. పక్క సీటాయన అయితే మీరు ఇంటికి వెళ్లి పరామర్శించేవారా కాదా? అంతే లెక్క. మొదటి రోజు వద్దు, ఆ రోజు ఆయన ఎవరి ఫోనూ ఎత్తే స్థితిలో ఉండరు. రెండో రోజో మూడో రోజో చేయండి, ఎత్తకపోతే మళ్లీ మళ్లీ చేయకండి, "వీలైనప్పుడు మాట్లాడదాం, తొందరేం లేదు" అని ఓ మెసేజ్ పెట్టండి. ఎత్తితే మాత్రం ఎలా జరిగింది, ఏ హాస్పిటల్, ముందే చూపించాల్సింది అన్న మాటలు వద్దు, గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్లకీ ఆయన ఆ కథ చెబుతూనే ఉండి ఉంటారు. మీరు చెప్పాల్సింది ఒక్కటే, అది ఇంకెవరూ చెప్పలేనిది: "రిలీజ్ పని నేను చూసుకుంటున్నాను, ఫలానా మెయిల్‌కి నేను జవాబు ఇచ్చాను, పెద్దకర్మ అయ్యేదాకా మీరు ల్యాప్‌టాప్ తెరవకండి." చాలా కంపెనీల్లో ఇలాంటప్పుడు ఇచ్చే సెలవు మన కార్యక్రమాలు పూర్తయ్యేదాకా సరిపోదు, ఆ మిగిలిన రోజుల్ని టీం పంచుకోగలదు, మేనేజర్‌తో మీరే ముందు మాట్లాడండి. మీ టీంలో కాకినాడ, ఏలూరు వైపు ఎవరైనా ఉంటే అందరి తరఫునా ఓసారి వెళ్లి రమ్మనండి.

ఆయన తిరిగి పనిలోకి వచ్చిన రోజు స్టాండప్‌లోకి నేరుగా లాగకండి. ముందు ఓ రెండు నిమిషాలు విడిగా మాట్లాడండి. పదిమందిలో అందరూ ఒక్కసారి "సారీ ఫర్ యువర్ లాస్" అంటే మనిషికి ఏం చేయాలో తోచదు.

ప్రశ్న: మా ఆన్‌సైట్ లీడ్ (క్లయింట్ దగ్గరే ఉండి పని చూసేవారు) అమెరికాలో డాలస్‌లో ఉంటారు, ఆయనా తెలుగువారే. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు అందరం అన్నా అని పిలిచేవాళ్లం. ఇప్పుడు చాట్‌లో "ఈటీఏ?" (ఎప్పటికి అవుతుంది?) తప్ప మాట లేదు. వేసవిలో రాత్రి ఎనిమిదిన్నరకి ఉన్న కాల్ నవంబర్ నుంచి తొమ్మిదిన్నరకి వెళ్లింది. పిల్లాణ్ని నిద్రపుచ్చే వేళ అది. – ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కాల్ టైం మారింది ఆయన వల్ల కాదు, అక్కడి గడియారం వల్ల. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు, మనం జరపం. అక్కడ ఉదయం పదింటికి అని క్యాలెండర్‌లో పెట్టిన కాల్ వాళ్లకి కదలదు, మీకే కదులుతుంది. కాబట్టి ఆయనకి అది కనిపించి కూడా ఉండకపోవచ్చు. అందుకే ఎవరో ఒకరు చెప్పాలి. అడిగే పద్ధతి ఇలా: చలికాలంలో అక్కడ ఉదయం ఏడున్నర అంటే మనకి రాత్రి ఏడు. రెండు వారాలు ఆయన పొద్దున్నే లేస్తారు, రెండు వారాలు మీరు రాత్రి కూర్చుంటారు. ఎప్పుడూ ఒకవైపే నిద్ర చెడకూడదు, అంతే. మిగతా రోజుల్లో కాల్ బదులు సాయంత్రం లాగౌట్ అయ్యే ముందు ఒక నోట్ రాసి పెట్టండి. దాన్లో టికెట్ నంబర్లతో పాటు మనుషుల సంగతీ రాయండి, "ఈయన పాపకి జ్వరం, రేపు సగం రోజే ఉంటారు" అని. పని ఎందుకు ఆగిందో తెలిసినవాడు "ఈటీఏ?" అని అడగడు, లేదా కాస్త మెత్తగా అడుగుతాడు.

అన్న ఎందుకు మారిపోయాడంటే, నాకు తోచింది చెబుతాను. క్లయింట్ ముందు కూర్చుని మీ అందరి తరఫునా మాట పడేది ఆయనొక్కడే, పక్కన మనవాళ్లెవరూ ఉండరు, ఆ ఒత్తిడి అలాగే మీ చాట్‌లోకి దిగుతుంది. ఒకసారి మీరే ఫోన్ చేసి "అన్నా, అక్కడ ఎలా ఉంది" అనండి. పాత మనిషి లోపలే ఉండి ఉంటాడు. లేకపోతే కాల్ టైం ఒక్కటైనా మారుతుంది, అదీ లాభమే.

ప్రశ్న: మావారు భీమవరం నుంచే పనిచేస్తారు. రోజంతా గదిలో, సాయంత్రం బయటికొచ్చాక ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. పలకరిస్తే ఊ కొడతారు. ఇంట్లో ఉన్నారనే పేరే కానీ... – ఓ పాఠకురాలు, భీమవరం

జవాబు: షాంఘైలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ 2010లో మొదలుపెట్టి తొమ్మిది నెలలు కాల్‌సెంటర్ ఉద్యోగుల్ని వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి పనిచేయించి చూసింది. స్టాన్‌ఫర్డ్‌లో నికొలస్ బ్లూమ్, ఆయన తోటివాళ్లు లెక్కలు చూశారు. పనితీరు 13 శాతం పెరిగింది. అయినా తర్వాత మీ ఇష్టమంటే, ఇంట్లో చేసినవాళ్లు చాలామంది తిరిగి ఆఫీసుకే వెళ్లిపోయారు, పెద్ద కారణం ఒంటరితనం. ఇంట్లో భార్యాపిల్లలు ఉన్నా ఆ లోటు ఉంటుంది. మీ తప్పేం లేదు, మీరు తీర్చగలిగే లోటూ కాదు.

టీం ఒక్కటే కూడా తీర్చలేదు, ఊళ్లోనూ మనుషులు కావాలి. భీమవరంలో ఇలా పనిచేసేవాళ్లు ఇంకా దొరుకుతారు, వేరే కంపెనీ అయినా ఫరవాలేదు, వారంలో రెండు రోజులు ఒకరింట్లో ఇద్దరూ కూర్చుని పనిచేసుకోమనండి. టీంలో ఆయనకి కాస్త నచ్చిన మనిషి ఎవరో కనుక్కుని, మధ్యాహ్నం అన్నం తింటూ ఫోన్‌లో మాట్లాడుకోమని చెప్పండి, పని ఊసు లేకుండా. గది తలుపు తీసిన వెంటనే ఇంటి లెక్కలు చెప్పకుండా ఓ అరగంట వదిలేయండి, వీలైతే ఇద్దరూ కలిసి అలా బజారుకు నడిచి రండి. నిద్ర, తిండి తగ్గి వారాల తరబడి ఇలాగే ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేసినా సరే, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

ప్రశ్న: చాట్‌లో నా పేరు పక్కన పచ్చ చుక్క ఐదు నిమిషాలు పోతే మేనేజర్ నుంచి మెసేజ్. మౌస్‌ని దానంతటదే కదిలించే పరికరం కొనుక్కోమని ఫ్రెండ్ అంటున్నాడు. కొననా? – ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దు. పని చేస్తున్నట్టు కీబోర్డు కదలికలు నటించారని అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు 2024లో డజనుకు పైగా ఉద్యోగుల్ని తీసేసింది. మీ మేనేజర్‌కి పచ్చ చుక్క తప్ప మీ పని కనిపించే దారి ఇంకేదీ లేదేమో చూడండి. రోజూ సాయంత్రం పూర్తయినవీ ఆగినవీ ఐదు లైన్లలో పంపుతానని, దానికి బదులు చుక్క సంగతి వదిలేయమని ఒక నెల గడువు పెట్టుకుని అడగండి. మెసేజ్‌లో కాదు, ఫోన్‌లో. నెల తర్వాత కూడా చుక్కే చూస్తుంటే కంపెనీలో వేరే ప్రాజెక్టుల ఖాళీలు చూడటం మొదలుపెట్టండి, ఆ లైన్లన్నీ మీ దగ్గర దాచుకోండి, ఇంటర్వ్యూలో పనికొస్తాయి.